క్షౌరశాల నుండి సౌందర్యశాల వరకు: ఈ సీమలో ఒక జీవనోపాధి

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలోని ప్రసంగ పాఠం)



జూబిలీ వేదికల మీద సాధారణంగా వైద్యుల పేర్లు, ఇంజనీర్ల పేర్లు, ఉన్నతోద్యోగుల పేర్లు వినబడుతాయి. అది సహజమే, సంతోషకరమే. అయితే అదే పాఠశాలలో చదివి, అవే బల్లల మీద కూర్చుండి, నేడు బజారులో కత్తెర పట్టి కుటుంబాన్ని పోషించుకొంటున్నవారి ప్రస్తావన వేదిక మీదికి రావడం అరుదు. ఈనాటి ప్రసంగ విషయం ఆ వృత్తి. పదవ తరగతి దాటిన బాలుడు గాని బాలిక గాని కేశసంస్కారం, సౌందర్యపోషణ అనే ఈ రంగంలో ఎట్లా ప్రవేశించవచ్చును, ప్రవేశించి గౌరవంగా ఎట్లా నిలువవచ్చును అన్నది విచారణీయాంశం.

ఇది చిన్న విషయమని తోచేవారు ఇద్దరు పిల్లలను తలచుకొంటే చాలును. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న గడి వద్ద కలం ఆగిపోయే బాలుడు ఒకడు. "వ్యాపారం" అని వ్రాసి ఊపిరి పీల్చుకొంటాడు. తోటి పిల్లలకు జడలు అల్లి, పండుగలకు గోరింట పెట్టి, బ్యూటీషియన్ శిక్షణకు వెళతానని ఇంట్లో అడిగి, "ఇంత చదివించినది ఇందుకేనా?" అన్న మాట విన్న బాలిక మరొకతె. అతడు తనకు వారసత్వంగా వచ్చిన విద్యను దాచుకొంటున్నాడు. ఆమె తనకు లేని విద్యను కోరుకొని మందలింపు పొందుతున్నది. ఇద్దరికీ అడ్డు నిలిచినది ఒకటే: ఈ పని తక్కువది అన్న తలంపు.

ఆ తలంపునకు చరిత్రలో ఆధారం ఎంత ఉన్నదో ముందుగా చూడవలసి ఉన్నది. తెలుగు గ్రామంలో మంగలి అనబడిన వ్యక్తి కేవలం గడ్డం గీసినవాడు కాడు. అతని పొదిలో కత్తితో పాటు సానరాయి, తోలుపట్టీ, గోరుగల్లు, పటిక మాత్రమే గాక పుండ్లకు కట్టే మందులు కూడ ఉండేవి. కురుపు కోసి కట్టుకట్టినది అతడే. నాయీబ్రాహ్మణులు ధన్వంతరిని తమ మూలపురుషునిగా కొలుచుకొనడానికి కారణం ఆ వైద్యమే. పెండ్లిలో నాదస్వరం, డోలు వారివే. ఆ ఇంటి స్త్రీ మంత్రసానిగా ఊరిలోని శిశువులను తన చేతులలోనికి అందుకొన్నది. పుట్టువెండ్రుకలు తీయించే నాటి నుండి పదవనాటి క్షౌరం దాకా ఆ కుటుంబం లేనిదే ఏ ఇంటి శుభాశుభమూ జరుగలేదు.

బుద్ధుని శిష్యులలో వినయ నియమాలకు ప్రమాణంగా నిలిచిన ఉపాలి, సన్యసించడానికి పూర్వం శాక్యుల క్షురకుడు. విజయనగర రాజ్యంలో, సదాశివరాయల కాలాన, అళియ రామరాయలకు క్షౌరం చేసి మెప్పించిన కొండోజు అనే మంగలి తన ఒక్కని కోసం బహుమానం కోరుకొనక, తన వృత్తివారందరికీ పన్ను మినహాయింపు సంపాదించినట్లు శాసనాలు చెప్పుచున్నవి. ఒక కార్మికుడు తన వర్గానికంతటికీ కోరి తెచ్చుకొన్న హక్కుగా దానిని చదువుకొనవచ్చును. ఐరోపాలోనూ కథ ఇదే. శస్త్రచికిత్సకు కొత్త దారి చూపిన ఫ్రెంచి వైద్యుడు ఆంబ్రోయిజ్ పారే (1510-1590) క్షురకుని వద్ద పనినేర్చినవాడే. ఇంగ్లండులో క్షురకులు, శస్త్రవైద్యులు 1540 నుండి 1745 వరకు ఒకే సంఘంగా ఉండేవారు. విడిపోయిన తరువాత ఒకరికి గౌరవం మిగిలినది, మరొకరికి కత్తెర మిగిలినది.

చీకటి పక్షం కూడ చెప్పకతప్పదు. గ్రామంలో ఈ సేవకు ప్రతిఫలం రొక్కం కాదు, సంవత్సరాంతాన కళ్ళంలో కొలిచి ఇచ్చే మేర. పంట చెడితే మేరా చెడేది, పని మాత్రం ఆగేది కాదు. ఒడిశా తీరప్రాంతంలో, ముఖ్యంగా పూరీ జిల్లాలో, "బర్తన్" అనే పేరుతో ఏడాదికి కొద్దిపాటి ధాన్యానికి క్షురకులను, రజకులను కట్టిపడవేసిన పద్ధతి ఇరవై ఒకటవ శతాబ్దంలో కూడ వివాదాలకు, ఉద్యమాలకు కారణమైనది. బాల్యంలో భర్తను కోల్పోయిన ఆడపిల్లకు బలవంతంగా శిరోముండనం చేయించే ఆచారంలో కత్తి పట్టవలసివచ్చినదీ ఈ వృత్తివారే. 1881లో కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన నాటికి ఆ ఆచారం సర్వసాధారణం. 1890లో బొంబాయిలో క్షురకులు, నారాయణ మేఘాజీ లోఖండే ప్రోత్సాహంతో, ఇకమీదట వితంతువుల తలలు గొరగబోమని సమ్మె కట్టారు. ఆ పని మానితే ఆదాయం పోతుందని తెలిసీ మానినవారు వారు. ఈ చరిత్ర తెలిసిన బాలుడు దరఖాస్తులోని ఆ గడిని మరొక విధంగా పూరించగలడేమో. బీహారుకు రెండుసార్లు ముఖ్యమంత్రియై, 2024లో మరణానంతరం భారతరత్న పొందిన కర్పూరీ ఠాకూర్ పుట్టినది క్షురకుని ఇంటనే.

కోరాపుట్ సీమ 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాలో భాగం. జయపురం సంస్థానపు ఏలుబడిలోని నేల. 1992 అక్టోబరు 2న రాయగడ ప్రత్యేక జిల్లా అయినది. ఇక్కడ తెలుగు, ఒడియా, కువి, దేశియా మాటలు ఒకే సంతలో వినబడుతాయి. విజయనగరం నుండి రాయపూరుకు పోయే రైలుమార్గం రాయగడ మీదుగా, కొత్తవలస నుండి కిరండూలుకు పోయే మార్గం కోరాపుట్ మీదుగా సాగుచున్నవి. రాయగడ పక్కన జేకేపూర్ కాగితపు మిల్లు, తేరుబలిలో ఫెర్రో మిశ్రలోహాల కర్మాగారం, దామన్‌జోడిలో నాల్కో, సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారం నెలజీతాల కుటుంబాలను ఈ కొండల నడుమకు తెచ్చినవి. జీతం వచ్చే చోట సెలూను, పార్లరు తప్పక నిలుస్తాయి.

అయితే ఆ సెలూను ఎవరిది? ఇది ఈ ప్రసంగంలో బరువైన ప్రశ్న. చెట్టు నీడన పీట వేసి చేసిన పని దుకాణంలోనికి వచ్చినది, దుకాణం నుండి అద్దాల శాలలోనికి పోయినది. 1952లో టాటాలు లాక్మే స్థాపించారు. 1970ల నుండి షహనాజ్ హుసేన్ మూలికల సౌందర్యచికిత్సకు ప్రపంచంలో పేరు తెచ్చారు. 1989లో వందనా లూథ్రా ఢిల్లీలో విఎల్‌సిసి ఆరంభించారు. 2000లో చెన్నైలో నేచురల్స్ శాలలు మొదలైనవి. దువ్వెన పట్టినవారిని చులకనగా చూచిన సమాజమే ఆ పనిలో ధనం కనబడగానే పెట్టుబడితో వచ్చి కూర్చున్నది. తాత ముత్తాతల నాటి నుండి పనితనం గలవాడు తన ఊరి అద్దాల శాలలో నెలజీతపు మనిషి అయ్యే ప్రమాదం ఉన్నది. వృత్తి ఒక కులానికి అంటగట్టిన బరువు కాకుండా పోవడం మేలే. ఆ విద్యను కాపాడినవారు దాని ఫలానికి దూరం కావడం మాత్రం న్యాయం కాదు. దీనికి నిరసన ఒక ఉపాయం. పెద్ద శాలలో దొరికే పరిశుభ్రత, శాస్త్రజ్ఞానం, లెక్కల పుస్తకం చిన్న దుకాణంలోనూ ఉండేటట్లు చూచుకొనడం అంతకంటె గట్టి ఉపాయం.

స్త్రీల ప్రవేశం గురించి ఒక మాట. మహారాష్ట్రలోని కొల్హాపూరు జిల్లాలో శాంతాబాయి యాదవ్ భర్త మరణానంతరం నలుగురు ఆడపిల్లలను పోషించడానికి ఆయన కత్తినే చేతబట్టి ఊరి పురుషులకు క్షౌరం చేసినది. మొదట నవ్వినవారే తరువాత ఆమె ముందు తలవంచి కూర్చున్నారు. తిరుమల కల్యాణకట్టలో నేడు స్త్రీ క్షురకులు కూడ ఉన్నారు. మొక్కు తీర్చుకొనే స్త్రీలకు అది ఎంత ఊరటయో చెప్పనక్కరలేదు.

ఇక ఈ సీమలో పని స్వరూపం. హైదరాబాదులోని సౌందర్యశాలను చూచి దానినే ఇక్కడ దించుకొంటే చాలదు. రాయగడలో ఒకే ముహూర్తానికి రెండు వీధులలో రెండు పెండ్లిళ్ళు జరుగవచ్చును. తెలుగు వధువుకు నలుగు, మంగళస్నానం, పూలజడ, కల్యాణతిలకం, బుగ్గచుక్క, పాదాలకు పారాణి కావలెను. ఒడియా వధువుకు నొసట చందనపు చుక్కల వరుస, తలపై బెండుతో చేసిన ముకుటం, పాదాలకు అళతా కావలెను. ఒకరి అలంకారం మరొకరికి చేస్తే ఇంటి పెద్దలు వెంటనే గుర్తుపట్టుతారు. రెండూ తెలిసిన అమ్మాయికి ఇక్కడ పోటీ తక్కువ. ఈ పనితనం పట్నపు అకాడెమీలో పూర్తిగా దొరకదు. పెద్దమ్మల వద్ద, పొరుగింటి ఒడియా మావుసి వద్ద కూర్చుండి నేర్చుకొనవలసినది. తెలుగు మాధ్యమంలో చదివి, బజారులో ఒడియా మాట్లాడి, రైల్వే కాలనీలో హిందీ అర్థం చేసుకొనే పిల్లలకు భాష లోపమని ఎవరైనా అంటే అది పొరపాటు. కుర్చీలో కూర్చున్న మనిషి తన భాషలో మాట విని మెడ సడలిస్తాడు. అది ఈ వృత్తిలో సగం పని.

నియమగిరి మీది డొంగరియా కొంధులను చూచినవారికి మరొక సంగతి తెలుస్తుంది. ఆ స్త్రీలు తలకు ఇరుపక్కల వరుసలుగా పిన్నులు తీర్చుకొంటారు. పురుషులు కూడ పొడుగు జుట్టు పెంచి, ముడిచి, దువ్వెన గుచ్చుకొంటారు. కేశాలంకారం నగరం నుండి కొండకు ఎక్కినది కాదు. సంతరోజున దుకాణానికి వచ్చిన కొండవారి పిల్లవాడిని వరుసలో చివరికి నెట్టే అలవాటు ఏ దుకాణంలోనైనా ఉంటే అది వ్యాపార దృష్టితో చూచినా తెలివి తక్కువే.

పంచాంగం ఎరుగకుండ ఈ వ్యాపారం నడువదు. తెలుగు ఇండ్లలో మంగళవారం క్షౌరం చేయించుకొనరు. మార్గశిర గురువారాలలో ఒడియా ఇండ్ల లక్ష్మీపూజ, ఆ రోజు కత్తెర ముట్టరు. కార్తికం వచ్చినదంటే అయ్యప్ప దీక్షాపరులు మండలకాలం గడ్డం పెంచుతారు. ఆ నలుబది ఒక్క రోజులూ ఆ ఖాతాదారులు సెలవులో ఉన్నట్లే. ఆషాఢంలో, మూఢంలో పెండ్లి అలంకారాలు ఉండవు. మాఘ, ఫాల్గుణ, వైశాఖాలలో తెల్లవారుజామున మూడు గంటలకు వధువు ఇంటి తలుపు తట్టవలసి వస్తుంది. మంచి నెలలో వచ్చిన సొమ్మును ఖాళీ నెలకు దాచుకొననివాడు రెండవ ఏడాది చూడడు.

శిక్షణ మార్గాలు నాలుగైదు ఉన్నవి. మొదటిది, పాతది, మంచి పనివాని వద్ద చేరి నేర్చుకొనడం. లండన్ పేదవాడలో పదునాలుగవ ఏట ఇట్లా చేరిన విడాల్ ససూన్ (1928-2012) తరువాత ప్రపంచమంతటా జుట్టు కత్తిరించే తీరునే మార్చినాడు. రెండవది బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు. బ్యూటీ పార్లరు నిర్వహణలో సుమారు ఒక నెల ఉచిత శిక్షణ, భోజన వసతులతో ఇస్తాయి. మూడవది ఐటిఐలలోని కాస్మెటాలజీ శాఖ. పదవ తరగతి అర్హత, ఒక సంవత్సరం. నాలుగవది భువనేశ్వర్ మంచేశ్వర్‌లోని వరల్డ్ స్కిల్ సెంటర్. సింగపూరు విద్యాసంస్థ సహకారంతో నడిచే ఆ కేంద్రంలో కేశాలంకరణకు, సౌందర్యపోషణకు ప్రత్యేక శిక్షణలు ఉన్నవి. ఇవి గాక విశాఖపట్టణంలో ప్రైవేటు అకాడెమీలు ఉన్నవి. వాటి రుసుములు భారీగా ఉండవచ్చును. పొలం తాకట్టు పెట్టి మూడు నెలల సర్టిఫికెట్ తెచ్చుకొనడం కంటె, నెల రోజుల ఉచిత శిక్షణ తరువాత ఏడాది పాటు మంచి చేతి కింద పనిచేయడం మేలు. గోడకు వ్రేలాడే కాగితం చూచి ఎవరూ తల అప్పగించరు.

ఇప్పుడు ఈ వృత్తికి చదువు ఎందుకన్న ప్రశ్నకు సమాధానం. తలపై సుమారు లక్ష వెండ్రుకలు, నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుదల, రోజుకు యాబది నుండి నూరు రాలడం సహజం. ఈ ఒక్క వాక్యం తెలిసిన పనివాడు దువ్వెనలో పది వెండ్రుకలు చూచి బెదిరిన అమ్మాయికి వెయ్యి రూపాయల నూనె అంటగట్టడు. వెండ్రుక కెరటిన్ అనే మాంసకృత్తు. దానిలోని గంధకపు బంధాలను రసాయనంతో విప్పి, కొత్త ఆకారంలో మళ్ళీ ముడివేయడమే జుట్టును ఉంగరాలు చేయడం గాని, సాపు చేయడం గాని. పదవ తరగతి రసాయనశాస్త్రం అక్కడ పనికివస్తుంది. జుట్టు సాపు చేసే కొన్ని ద్రావణాల నుండి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. అది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ పరిశోధన సంస్థ నిర్ధారించినది. కిటికీలు లేని చిన్న గదిలో రోజుకు నాలుగుసార్లు ఆ పొగ పీల్చేది ఖాతాదారు కాదు, పనిచేసే అమ్మాయి. గాలి పారే గది ఆమెకు జీతంతో సమానమైన హక్కు. రంగులలోని పారాఫినైలిన్ డై అమైన్ కొందరికి ముఖం వాచేంత అలెర్జీ కలిగిస్తుంది. అందుకే చెవి వెనుక చుక్క రాసి నలుబది ఎనిమిది గంటలు ఆగి చూడవలెను. పెండ్లి రేపనగా వచ్చిన ఖాతాదారుకు రంగు వేయనని చెప్పగలగడం కూడ పనితనమే.

కత్తి విషయం ఇంకా తీవ్రమైనది. హెపటైటిస్ బి సూక్ష్మక్రిమి ఎండిన రక్తపు మరకలో ఏడు రోజులదాకా బ్రతికి ఉండగలదు. కంటికి కనబడని మరక చాలును. ప్రతి మనిషికి కొత్త బ్లేడు, సగం విరిచి వాడినా సరే, ఎదుటనే విప్పవలెను. వాడిన బ్లేడు మూతగల గట్టి డబ్బాలో పడవలెను, చెత్తకుప్పలో కాదు. అక్కడ పిల్లలు, పశువులు తిరుగుతాయి. ఒకే పటికబిళ్ళను అందరి గడ్డాలకు రుద్దడం పాత అలవాటు. ఒకని గాటు రక్తం మరొకని గాటుకు చేరే మార్గం అదే, కాబట్టి పటికను పొడిచేసి దూదితో అద్దడం క్షేమం. దువ్వెనలు, కత్తెరలు మొదట సబ్బుతో కడిగి తరువాత క్రిమిసంహారకంలో ఉంచవలెను. కడగని వస్తువును నీలి దీపపు పెట్టెలో పెట్టినంత మాత్రాన శుభ్రం కాదు. ఇక క్షౌరం ముగిసిన వెంటనే మెడను పటపటా విరిచే సేవ. ఎందరికో అది ఇష్టం. మెడ వెనుక మెదడుకు పోయే ధమనులు ఉన్నవి. తలను వెనుకకు వంచి బేసిన్ మీద కడిగించుకొన్న స్త్రీలలో పక్షవాత లక్షణాలు కనబడినట్లు 1993లో అమెరికా వైద్యపత్రికలో వ్రాశారు. 2022లో హైదరాబాదులోనూ అటువంటి ఘటన వార్తలకెక్కినది. మెడ కింద మెత్తని తువ్వాలు, తక్కువ సమయం, మెడ విరవకపోవడం అనే ఈ మూడింటికీ ఖర్చు లేదు.

అన్నింటికంటె సున్నితమైనది ఛాయ. పార్లరు మెట్లెక్కిన నల్లని పిల్ల తల్లి అడిగే మొదటి మాట "అమ్మాయి కొంచెం తెల్లబడుతుందా?" అనేదే. ఈ దేశంలో 1975 నుండి ఫెయిర్ అండ్ లవ్‌లీ పేరుతో అమ్ముడైన క్రీము 2020లో పేరు మార్చుకొన్నది. అడిగే మాట మారలేదు. సంతల్లో దొరికే కొన్ని తెల్లదనపు క్రీములలో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను చెరుపుతుంది. మరికొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెల రోజులు ముఖం మెరుస్తుంది, ఆపై చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు, నూగు వెండ్రుకలు వస్తాయి. మానితే మంట, రాస్తే నాశనం. అటువంటి లేపనాలను 2018 నుండి వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు, అయినా పార్లరు బల్లల మీద కనబడుతూనే ఉన్నవి. చర్మపు రంగు మెలనిన్ వల్ల కలిగేది, ఎండ నుండి కాపాడేది. దానిని మార్చగలమని చెప్పి డబ్బు తీసుకొనడం మోసం. "అమ్మా, ముఖం శుభ్రంగా, తేటగా ఉండేటట్లు చేస్తాము, రంగు మార్చము" అని చెప్పగల అమ్మాయి మొదటి నెలలో కొందరు ఖాతాదారులను పోగొట్టుకొంటుంది. కొండజాతుల ఆడపిల్లలు, శ్రీకాకుళం నుండి వచ్చిన కూలీల ఆడపిల్లలు, ఉద్యోగుల ఆడపిల్లలు ఒకే అద్దం ముందు కూర్చుండే ఈ ఊళ్ళలో ఆ మాట ఒక తరానికి మేలు చేస్తుంది. ఎన్.టి.రామారావు గారి పౌరాణిక పాత్రలకు మేకప్ చేసిన పీతాంబరం వంటివారి గొప్పతనం ఉన్న ముఖంలోని రేఖలను చూచి వాటికి ఒదిగే రంగు వేయడంలో ఉన్నది.

ధన విషయం. ఇవి ఊహించి వేసిన అంకెలే గాని ఏ దుకాణపు లెక్కా కాదు. ఒక కుర్చీ గల దుకాణంలో రోజుకు పదిమంది, తలకు సగటున ఎనుబది రూపాయలు, నెలకు ఇరువది అయిదు పనిదినాలు అనుకొంటే రాబడి 20,000. అద్దె 5,000, విద్యుత్తు 1,500, బ్లేడ్లు, క్రీములు, తువ్వాళ్ళ ఉతుకుకూలి 3,000. లక్ష రూపాయల అప్పు అయిదు శాతం వడ్డీకి పద్ధెనిమిది నెలలలో తీర్చాలంటే నెలకు దాదాపు 5,800. మిగిలేది 4,700. ఇది చూచి నిరుత్సాహపడిన తండ్రి మరొక వరుస కూడ చూడవలెను. పదిమంది పద్నాలుగుగురైతే రాబడి 28,000, సరకుల ఖర్చు 4,200కు పెరుగుతుంది, మిగిలేది 11,500. అప్పు తీరిన నెల నుండి 17,300. అనగా మొదటి ఏడాదిన్నర ఇంటి అండ లేనిదే గడువదు. ఆ సంగతి దాచి పిల్లవాడిని రంగంలో దించడం తప్పు.

2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం.విశ్వకర్మ పథకంలోని పద్ధెనిమిది వృత్తులలో క్షురకవృత్తి ఉన్నది. శిక్షణ రోజులకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల రుణం. ఇంటికి ఒకరికే వర్తిస్తుంది. బ్యూటీ పార్లరు పేరు ఆ జాబితాలో లేదు, కనుక ఆడపిల్లలు ముద్రా రుణం వైపు చూడవలసి ఉన్నది. అందులో శిశు విభాగంలో 50,000 వరకు హామీ లేకుండా ఇస్తారు. పురపాలక సంఘం వ్యాపార అనుమతి, ఉద్యమ్ నమోదు ముందే చేసుకొంటే బ్యాంకు మెట్లు తక్కువసార్లు ఎక్కవలసి వస్తుంది. సెలూను సేవలపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి పద్ధెనిమిది శాతం నుండి అయిదు శాతానికి తగ్గినది. ఏడాదికి ఇరువది లక్షలు దాటని చిన్న దుకాణానికి ఆ బాధే లేదు.

ఆడపిల్లల తల్లిదండ్రుల సందేహాలు వేరు: రాత్రి ఎంత సేపు, ఎవరి ఇంటికి వెళ్ళవలసి వస్తుంది, పెండ్లి సంబంధాలకు అడ్డమవుతుందా. మొదటి రెండింటికీ నియమం పెట్టుకొనవచ్చును. పెండ్లి అలంకారానికి ఇద్దరు కలిసి వెళ్ళడం, రాకపోకల బండి ఖర్చు ముందే మాట్లాడుకొనడం, రాత్రి పనికి ఇంటివారే దింపడం అటువంటివి. మూడవదానికి సమాధానం అమ్మాయి పేరిట ఉన్న బ్యాంకు పుస్తకం చెప్పగలదు. ఇంటి ముందుగదిలో పార్లరు పెట్టడం క్షేమంగా తోస్తుంది, అద్దె కలిసివస్తుంది. కాని వంటింటి నుండి పిలుపు వచ్చినప్పుడల్లా ఖాతాదారు ముఖం మీద లేపనం ఎండిపోతుంది. ఇంట్లో పెట్టినా వేళలు బల్ల మీద వ్రాసి ఉంచవలెను. రోజంతా నిలుచుండి చేసే పని కనుక కాళ్ళ నరాలు ఉబ్బుతాయి, నడుము పట్టుతుంది. ఎత్తు సరిచేసుకొనే కుర్చీ ఖాతాదారు సుఖానికి మాత్రమే కాదు.

ఐటిఐ ప్రవేశాలు పదవ తరగతి ఫలితాల తరువాత ఒడిశా ప్రభుత్వపు సామ్స్ విధానంలో జరుగుతాయి. ఏ ఐటిఐలో కాస్మెటాలజీ ఉన్నదో ఆ జాబితాలోనే చూచుకొనవలెను. దుకాణంలో చేర్చదలచినవారు మాత్రం బేరానికి ముందు ఒక ఆదివారం ఉదయం ఆ దుకాణపు బల్ల మీద పత్రిక చదువుతున్నట్లు కూర్చుండి చూడవలెను. బ్లేడు ఎదుట విప్పుచున్నారా, తువ్వాలు మార్చుచున్నారా, వచ్చిన ప్రతి మనిషినీ వరుస ప్రకారం పిలుచుచున్నారా, నేర్చుకొనే కుర్రవానికి చీపురు తప్ప కత్తెర చేతికి ఇచ్చుచున్నారా లేదా. ఆ కుర్రవాడు చేరి ఎన్ని నెలలైనదో అతనినే పక్కకు పిలిచి అడగవచ్చును. ఏడాది దాటినా ఇంకా తలలు ముట్టనీయలేదని చెబితే పక్క దుకాణం చూచుకొనడం మంచిది.